ఓడినవాడి సంతకం

పోయిన వారం మనం శత్రువుగారిని మూడో అంతస్తు వరండాలో, పెద్దాయన గది తలుపు ముందు నిలబెట్టి ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోయాం. ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. చేతిలో మడతపెట్టిన ఎర్ర కాగితం ఉంది. తలుపు తట్టడానికి చెయ్యెత్తడం, మళ్లీ దించేసుకోవడం ఇప్పటికి మూడుసార్లయింది.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్లు "ఎవరికి శత్రువు?" అని అడుగుతారు. ఎవరికీ కాదు. యాభై ఎనిమిదేళ్ల ప్రభుత్వోద్యోగి. యుద్ధాలను ముందుగా కాగితం మీద ఆడి చూసే ఆఫీసు ఒకటుంది, అందులో ఆయన పని. ఒక గదిలో మనవాళ్లు పదిమంది కూర్చుంటారు. గోడకి అవతల గదిలో ఆయన ఒక్కరే కూర్చుంటారు. మధ్యలో చెయ్యి పట్టేంత కిటికీ. మనవాళ్లు నీలం చీటీ మీద తమ ఎత్తు రాసి అందులోంచి పంపిస్తే, అవతలి దేశపు సేనాపతి తానే అయినట్టు ఆలోచించి ఆయన ఎర్ర చీటీ మీద జవాబు రాస్తారు. "వాళ్లు అడ్డగిస్తారు" అని రాస్తే చెల్లదు. "నేను అడ్డగిస్తాను" అని రాయాలి. ఇరవై రెండేళ్లుగా ఆయన అలా రాస్తూనే ఉన్నారు.

ఆయన గదిలో సముద్రపటం తలకిందులుగా వేలాడుతుంది. అవతలి దేశం కింద, మన దేశం పైన. అవతలివాడు తన ఒడ్డున నిలబడి చూస్తే ఎలా కనబడుతుందో అలాగన్నమాట. చూసి చూసి ఆయనకి అదే అలవాటైపోయింది, మామూలు పటం చూపిస్తే సొంత ఊరి కోసం క్షణంసేపు వెతుక్కుంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. నోటితో పిలిచేవాళ్లంతా శత్రువుగారనే అంటారు, "గారు" తగిలించడం మాత్రం మరిచిపోరు. మర్యాదకేం లోటు లేదు. కానీ తన ఎత్తులన్నీ చిత్తు చేసే మనిషికి ఎదురుగా కూర్చుని అన్నం తినడం ఎవరికి మాత్రం సరదా? క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల ఆయనది. దాని నాలుగు కుర్చీల్లో మూడు ఎప్పుడూ ఖాళీ. భార్య ఉన్నన్నాళ్లూ "ఇంట్లోనైనా మా పక్షాన ఆడకూడదూ?" అని దెప్పుతుండేది. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఉన్నదల్లా ఒక్క కూతురు. నౌకాదళంలో ఇంజనీరు, ఓడ అడుగున ఇంజన్ల గదిలో ఉద్యోగం. ఓడ ఒడ్డుకొచ్చినప్పుడు ఒక ఆదివారం తండ్రి దగ్గర గడిపి పోతుంది.

ఇక గొడవేమిటంటే, మన సముద్రాన్ని బయటి సముద్రంతో కలిపే సన్నటి జలసంధి ఒకటుంది. ఎదుటి పెద్దరాజ్యం "నా అనుమతి లేకుండా ఇందులోంచి ఎవరూ పోకూడదు" అంది. మనకి అండగా ఉంటానన్న ఇంకో పెద్దరాజ్యం "ఎవరైనా పోవచ్చు, కావాలంటే పోయి చూపిస్తాం" అంది. పోయి చూపించాల్సింది మాత్రం మన ఓడలు! నాలుగు ఓడలు పట్టపగలు జెండాలు ఎగరేసుకుంటూ దాటాలి. అవతలివాడు దాటనిస్తాడా లేదా అన్నదే ఆట. ఆరుసార్లు ఆడారు. ఆరుసార్లూ శత్రువుగారు దాటనివ్వలేదు. ఏడోసారి, పది రోజుల కిందట, దాటనిచ్చారు.

ఎందుకు దాటనిచ్చారంటే, ఆటలో ఓడలకి పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఏ ఓడ ఎవరిదో ఆడేవాడికి తెలియకూడదని ఆ ఏర్పాటు. కానీ ఏడో ఆటకి వచ్చిన వివరాల కాగితంలో నాలుగో నంబరు పక్కన "ఎడమ ఇంజను సగం బలంతోనే నడుస్తోంది" అని ఒక వాక్యం ఉంది. ఆ ఎడమ ఇంజనుని ఆయన కూతురు రెండు నెలలుగా తిట్టని తిట్టు లేదు. ఆయనకి చెయ్యి ఆడలేదు. చివరికి "నేను మైకులో హెచ్చరిస్తాను, కొంతదూరం వెంబడిస్తాను, పోనిస్తాను" అని రాసి కిటికీలోంచి పంపేశారు. కాగితం మీదైనా సరే, కన్నకూతుర్ని ఆపదలోకి నెట్టలేకపోయారు. ఆరు ఆటలు వద్దని అంటుంటే ఈ ఒక్కదాన్ని ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నారు.

పట్టించుకున్నారు. ఆ ఒక్కదాన్నే పట్టించుకున్నారు. నాలుగు ఓడలూ ఈ సాయంత్రం అయిదింటికి బయల్దేరుతున్నాయని ఆయనకి ఈ పొద్దున్నే తెలిసింది. ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది.

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి ఆయన ఎవరికీ చెప్పలేదు, మనకి మాత్రం తెలుసు. ఓడిపోయిన ఈ పది రోజులూ ఆయనకి హాయిగా గడిచాయి. మర్నాడే క్యాంటీన్లో ఇద్దరు వచ్చి ఆయన బల్ల దగ్గర కూర్చున్నారు. మూడో మనిషి భుజం చరిచి "ఓడిపోవడం మీకూ వచ్చే, శత్రువుగారూ!" అన్నాడు. నాలుగు కుర్చీలూ నిండాయి. ఎవరో ఆయన గిన్నెలోంచి ఒక ముక్క చనువుగా తీసుకుని తిన్నారు. ఆ చనువుకి ఆయన కళ్లు చెమర్చాయి, పొలమారిందని చెప్పి మంచినీళ్లు తాగారు.

తలుపు పక్కన చిన్న బల్ల దగ్గర రికార్డులమ్మ కూర్చుని ఉంది. ప్రతి ఆటలో ప్రతి ఎత్తునీ టైముతో సహా పుస్తకంలోకి ఎక్కించేది ఆవిడే. పదకొండేళ్లలో ఆయనతో ఆవిడ మాట్లాడింది రెండే ముక్కలు, "మీ ఎత్తు?" అని. ఇవాళ తల పైకెత్తి చూసింది.

"లోపల ఒక్కరే ఉన్నారండీ. ఇంకెవరైనా వచ్చేలోపు వెళ్లండి," అంది.

శత్రువుగారు తలుపు తట్టారు.

*

పెద్దాయన ఆ ఆఫీసుకి పై అధికారి. ఒకప్పుడు ఓడలు నడిపిన మనిషి. పదవీ విరమణ చేశాక ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. బల్ల కింద బూట్లు విప్పేసి, మేజోళ్లతో ఉన్న కాళ్లు నేలకి ఆనించుకుని కాగితాలు చూసుకుంటున్నాడు. కిటికీ బయట కార్లు నిలిపే ఆవరణ తప్ప ఏమీ కనబడదు. బల్ల మీద ఫోను, పక్కన ఏడో ఆట నివేదిక. చివరి పేజీ తెరిచి పెట్టి ఉంది.

ఆ పేజీ సంగతి చెప్పాలి. ఆ ఆఫీసులో మొదటినుంచీ ఒక పద్ధతుంది. ఆట ఎవరు గెలిచినా నివేదిక మీద సంతకం పెట్టేది ఓడినవాడు. "నేను నిజంగా ఆడాను, నిజంగా ఓడాను" అన్న వాక్యం కింద పెడతాడు. గెలిచినవాడి మాట ఎవరు నమ్ముతారు? ఓడినవాడు ఒప్పుకుంటేనే అది ఫలితం. ఆరుసార్లు మనవాళ్లు పళ్లు కొరుక్కుంటూ పెట్టారు. ఈసారి శత్రువుగారి వంతు. అండగా ఉంటానన్న పెద్దరాజ్యం వాళ్లకి కూడా ఈ పద్ధతి తెలుసు. ఆ సంతకం తమ చేతికందితే గానీ మన ఓడల మీద కాపలా తిరిగే విమానాలను పైకి లేపరు.

"రండి, రండి. నేనే కబురు పెడదామనుకుంటున్నా," అన్నాడు పెద్దాయన. "పది రోజులైంది, సంతకం పెట్టలేదు మీరు."

"పెట్టడానికి రాలేదండీ. అది చింపెయ్యమని అడగడానికి వచ్చాను."

"కూర్చోండి."

"ఏడో ఆటలో నేను నిజంగా ఆడలేదు. నాలుగో నంబరు మీదికి నాకు చెయ్యి రాలేదు. అసలు ఎత్తు రాసుకొచ్చాను. మీరు చదివి, పైకి ఫోన్ చేసి, ఈ ఓడల్ని ఆపించాలి."

ఇంత మాట అనడానికి ఆయన పొద్దున్నుంచీ ఊపిరి కూడగట్టుకుంటున్నారు. పెద్దాయన కుర్చీలోంచి ఎగిరి పడతాడని, కేకలేస్తాడని అనుకున్నారు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చెప్పండి మరి. అసలు ఎత్తేంటి?"

శత్రువుగారు ఎర్ర కాగితం విప్పలేదు. విప్పకుండానే చెప్పారు.

"నాలుగింటినీ లోపలికి రానిస్తాను. మైకులో హెచ్చరిస్తాను. అక్కడిదాకా ఏడో ఆటలాగే ఉంటుంది, మీవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. సగం దూరం వచ్చాక చేపల పడవలు ఓ అరవై అడ్డంగా వదుల్తాను. మూడు ఓడలు చుట్టు తిరిగి తప్పించుకుంటాయి. నాలుగోది అంత చురుగ్గా తిరగలేదు, దానికి ఒక ఇంజను సరిగ్గా లేదు. దాన్ని అక్కడే నిలబెట్టేస్తాను. ముంచను. ముంచితే యుద్ధం, నాకిప్పుడు యుద్ధం అక్కర్లేదు. చుట్టూ నిలబడి ఊరికే చూస్తూ ఉంటాను. మీ పెద్ద స్నేహితుడు రావాలా వద్దా అని మూడు రోజులు మీటింగులు పెట్టుకుంటాడు. నాలుగో రోజుకి ఆ ఓడలో మంచినీళ్లు తగ్గుతాయి. ఎవరికీ నిద్ర ఉండదు. ఎవడో ఒకడు బెదిరిపోయి ముందు కాల్చేస్తాడు. ఆ ఒక్క తూటా కోసమే నేను కాచుకుని కూర్చుంటాను. ఆ తర్వాత నేనేం చేసినా లోకం దృష్టిలో తప్పు మీదే."

చెబుతున్నంతసేపూ ఆయన గొంతు చాలా నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా పలికింది. ఇరవై రెండేళ్లుగా ఆ గొంతుతో ఆలోచిస్తున్నారు, అది ఆయనకి సొంత గొంతుకన్నా బాగా వచ్చు. ఆగాక మాత్రం మళ్లీ తండ్రయ్యారు. ఆ ఓడ అడుగున పిల్ల ఎక్కడ పడుకుంటుందో ఆయనకి తెలుసు. నీళ్ల పంపు పక్కన, కింది బెర్తు.

"ఆరో ఆటలోనూ దాదాపు ఇదే రాశారు," అన్నాడు పెద్దాయన.

"అవును. నిజం అదే కనక."

"అది చదివి నేను రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదండీ. బాగా రాశారు." కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఏడో ఆటలో మీకు చెయ్యి రాలేదంటే నేనేం అనుకోను. కన్నకూతురు కదా, ఎలా వస్తుంది?"

శత్రువుగారు తలూపబోయి ఆగిపోయారు.

కూతురి మాట తను ఎత్తలేదు. నాలుగో నంబరు అన్నారు. అంతకుమించి ఒక్క అక్షరం అనలేదు. నంబర్ల వెనక పేర్లు తెలియకూడదన్నది ఆ ఆఫీసులో మొట్టమొదటి నియమం, తనకి తెలిసిపోయిందని ఈ పది రోజుల్లో గోడకి కూడా చెప్పలేదు. ఎంత ఆలోచించినా ఆ మాట పెద్దాయన నోట్లోకి వెళ్లడానికి దారి ఒక్కటే కనబడింది.

"పాత కాగితాలు ఒకసారి చూపిస్తారా?" అని అడిగారు.

పెద్దాయన అడ్డు చెప్పలేదు. సొరుగు లాగి ఆరు ఆటల వివరాల కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. శత్రువుగారు వేలు పెట్టుకుంటూ చూశారు. ఓడ పొడవు, బరువు, వేగం, సిబ్బంది. ఆరింటిలోనూ అంతే. మరమ్మతుల సంగతి, ఇంజను సంగతి ఎక్కడా లేవు. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ ఉండేవి కావు. ఏడోదాంట్లో మాత్రమే ఆ వాక్యం ఉంది.

"ఇది ఎవరు రాశారండీ?"

"నేనే," అన్నాడు పెద్దాయన.

*

కోపం రావాల్సిన చోట శత్రువుగారికి కోపం రాలేదు. ఎదుటివాడి మనసులో ఏముందో పసిగట్టడమే వృత్తిగా బతికిన మనిషి, పక్క గదిలో కూర్చున్నవాడి మనసు పట్టుకోలేకపోయారు. ఆ తెలివితేటలు ఇంతకాలం దేనికి పనికొచ్చాయో ఆయనకి అర్థం కాలేదు.

"నామీద కోపం తెచ్చుకోండి, పర్లేదు," అన్నాడు పెద్దాయన. "ఆరో ఆట తర్వాత నన్ను పైకి పిలిపించారు. దారి మార్చమన్నాను, వీల్లేదన్నారు. నాలుగో ఓడ బాగోలేదు, ఇంకోటి పంపండి అన్నాను, లేదన్నారు. తేదీ మార్చమన్నాను. పెద్ద స్నేహితుడు వచ్చే నెల ఎదుటివాడితో బేరానికి కూర్చుంటున్నాడట, ఈలోపే దాటాలట. మరి నన్నేం చెయ్యమంటారు అని అడిగాను. ఏమన్నారో తెలుసా? శత్రువుని మార్చు అన్నారు."

"మార్చాల్సింది."

"మిమ్మల్ని తీసేసి ఆ కుర్చీలో ఎవడో కుర్రాడిని కూర్చోబెడితే వాడి సంతకానికి విలువేముంది? ఇరవై రెండేళ్లలో మీరు ఓడింది రెండుసార్లు. ఆ పెద్ద స్నేహితుడికి కూడా మీ సంతకం తెలుసు. మీరే ఓడాలి. ఓడిపొమ్మంటే మీరు వినరు. అందుకని అమ్మాయి ఓడ ఏదో మీరు గుర్తుపట్టేలా ఒక వాక్యం రాశాను. అబద్ధం కూడా కాదది. ఆ ఇంజను నిజంగానే బాగోలేదు."

"ఆ ఓడలో నూట పన్నెండు మంది ఉన్నారండీ."

"నాకు తెలీదా? నేను నడిపిన ఓడల్లో మూడొందలమంది ఉండేవాళ్లు." పెద్దాయన గొంతు మొదటిసారి పెరిగింది. వెంటనే తగ్గించుకున్నాడు. "మీరు ఆరుసార్లు నిజం చెప్పారు. నేను ఆరుసార్లూ పైకి మోసుకెళ్లాను. నిజం అక్కర్లేనివాళ్లకి ఏడోసారి కూడా మోసుకెళ్లి నేను చేసేదేముంది? నన్ను తీసేస్తారు, నా తర్వాత వచ్చేవాడు ఆ కాగితం రాయించుకుంటాడు. ఓడలు ఎలాగూ వెళ్తాయి."

అలా మాట్లాడేవాళ్లు మీకూ నాకూ ఎదురవుతూనే ఉంటారు. తమ చేత్తో చేసిన పనిని ఎలాగూ జరిగేదే కదా అని చేతులు దులుపుకుంటారు. నాకు వాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ పెద్దాయన కళ్ల కింద నల్లటి చారలు కూడా ఉన్నాయి, అవి చెప్పకుండా దాచడం అన్యాయం.

పెద్దాయన మళ్లీ సొరుగు లాగి ఇంకో కాగితం తీశాడు. టైపు చేసి, ముద్ర వేసి సిద్ధంగా ఉంది. నౌకాదళంలో ఫలానా ఇంజనీరుని తక్షణం ఓడ దించి ఒడ్డు మీద ఉద్యోగానికి మార్చడమైనదని అందులో ఉంది. తేదీ ఇవాళ్టిదే.

"సంతకం పెట్టండి. నేను ఇది ఇప్పుడే పంపేస్తాను. మూడింటికి ఓడలో అందరి ఫోన్లూ తీసేసుకుంటారు, మెట్లు ఎత్తేస్తారు. ఈలోపు అమ్మాయి ఒడ్డున ఉంటుంది. రాత్రికి మీ ఇంట్లో అన్నం తింటుంది."

శత్రువుగారు ఆ కాగితం వంక చూశారు. చూడకుండా ఉండాల్సింది అని మీరు అనొచ్చు. కన్నవాళ్లెవరూ అనరు.

"నా సంతకం లేకపోతే?"

"ఓడలు వెళ్తాయి. పైన విమానాలు ఉండవు. మీ అమ్మాయి లోపలే ఉంటుంది." పెద్దాయన బల్ల మీదికి వంగాడు. అన్నేళ్లలో మొదటిసారి "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. "నువ్వు నాకు వైరివి కాదు. ఇన్నాళ్లూ నీ పక్కన కూర్చుని ఒక్కపూట భోంచెయ్యలేదని నాకు లోపల బాధగానే ఉంటుంది. ఒక్క మేలు చెయ్యనీ నన్ను. నీకున్నది ఒక్క పిల్ల."

ఆ మాట నిజం. సాయంత్రం ఇంటికెళ్లి తాళం తీసినప్పుడు లోపలినుంచి వచ్చే ఆ నిశ్శబ్దం గుర్తొచ్చింది. వంటింట్లో ఒక కంచం, ఒక గ్లాసు. రెండో కంచం బీరువా మీదినుంచి నెలకోసారి కిందికి దిగేది ఆ పిల్ల కోసమే. అది ఇక ఎప్పటికీ దిగకపోతే తను ఎందుకు లేవాలో, ఎందుకు తినాలో ఆయనకి తెలియదు. పెన్ను జేబులోనే ఉంది. చెయ్యి దానికేసి వెళ్లింది.

"ముందు దాని గొంతు వినాలి," అన్నారు.

*

పెద్దాయన రేవు ఎక్స్ఛేంజికి చెప్పి లైను కలిపించాడు. రిసీవరు ఇచ్చే ముందు ఫోను మీది మీట దగ్గర వేలు పెట్టాడు. "ఆట గురించి గానీ, దారి గురించి గానీ ఒక్క మాట వస్తే కట్ చేసేస్తా. అది చట్టం, నా చేతుల్లో లేదు." చెవి పక్కకి తెచ్చి తనూ వింటున్నాడు.

అవతల ఇనప మెట్ల మీద ఎవరో పరుగెత్తుకొచ్చిన చప్పుడు.

"నాన్నా! నువ్వేంటి, ఆఫీసు లైన్లోంచి? ఒంట్లో బానే ఉందా?"

"ఉందమ్మా. అన్నం తిన్నావా?"

అవతల పకపకా నవ్వింది. "యుద్ధనౌకకి ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగేది నువ్వొక్కడివే నాన్నా. తిన్నాను. నువ్వు?"

"తింటాలే. ఇంజను ఎలా ఉంది?"

మీట మీద వేలు కొంచెం కదిలింది, నొక్కలేదు.

"దాని ఊసెత్తకు. పొద్దున దానివల్లే పెద్ద రభస అయింది. ఈ ఇంజనుతో మేం రాలేమని మా కింది గదిలో పదకొండు మంది కాగితం మీద పేర్లు రాసేసుకున్నారు. కెప్టెన్‌గారు మంచాయన. ఇష్టం లేనివాళ్లు మూడింటిలోపు దిగిపోవచ్చు, ఎవర్నీ ఏమీ అనను అన్నారు. పదకొండు మంది దిగితే ఇంకేముంది, ఓడ కదలదు."

శత్రువుగారి ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో నిటారుగా అయ్యారు. "మరి దిగారా?"

"నేను ఆపాను."

"నువ్వా?"

"నువ్వు తిట్టకూడదు మరి. నీ పేరు వాడుకున్నాను." గొంతు తగ్గించింది, గర్వం మాత్రం తగ్గలేదు. "మా నాన్న పనిచేసేది ఇలాంటివన్నీ ముందే ఆలోచించే ఆఫీసులోనే, ఏం చేస్తాడో నాకు చెప్పడు, నేనడగను, కానీ ఆయన మొహం నేను చదవగలను అన్నాను. మా అమ్మ పోయాక ఆ మనిషి నవ్వగా నేను చూడలేదు. అలాంటిది మొన్న ఆదివారం గిన్నెలు తోముతూ ఈల వేశాడు! ఆఫీసులో ఎవరో తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటున్నారని రెండుసార్లు చెప్పాడు. మనకి ప్రమాదమే ఉంటే ఆయన ఈల వేస్తాడా అని అడిగాను. అందరూ నమ్మారు నాన్నా. ఆ పేర్ల కాగితం నా చేత్తోనే చింపేశాను."

శత్రువుగారు కళ్లు మూసుకున్నారు. ఈల వేసిన సంగతి ఆయనకి గుర్తు కూడా లేదు. చీటీ మీద రాసిన అబద్ధం పైవాళ్లని మాత్రమే మోసం చేసిందనుకున్నారు. కానీ తెలియకుండా అది ఇంటికి వచ్చి, గిన్నెల దగ్గర నిలబడి, ఆ ఓడని ఆపగలిగిన పదకొండుమందినీ మళ్లీ లోపలికి పంపించింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన వేసిన ఎత్తుల్లో ఇంత భయంకరమైనది లేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి లోకంలో ఆయనకి ఉన్న ఒకే ఒక్క మనిషి ఫోనుకి అవతలే ఉంది, ఆమెకే చెప్పకూడదు.

"నాన్నా? ఉన్నావా?"

"ఉన్నా."

"ఏమైంది?"

పెద్దాయన బదిలీ కాగితాన్ని ఇటు తోశాడు. చెప్పు, చెప్పు అన్నట్టు కళ్లతోనే సైగ చేశాడు.

"అమ్మలూ, నువ్వు దిగిపోవాలి," అన్నారు శత్రువుగారు.

అవతల ఎక్కడో లోతుగా ఇంజను తిరుగుతున్న మోత మాత్రం వినిపిస్తోంది. కుడి ఇంజనే అయ్యుంటుంది. పిల్లకి తెలివి తండ్రిదే వచ్చింది, నాలుగు క్షణాల్లో లెక్క కట్టుకుంది. ఇప్పుడు ఆ గొంతులో నవ్వు లేదు.

"నేనొక్కదాన్నేనా నాన్నా? అందరమా?"

ఆయన బదిలీ కాగితం చూశారు. మీట మీది వేలు చూశారు. నువ్వొక్కదానివే అని జవాబిస్తే ఆమె దిగుతుందా? దిగదు. ఆ పదకొండుమందిని తను ఆపి, తను దిగిపోతుందా? ఒకవేళ బదిలీ పేరుతో బలవంతాన దించినా, ఆ తర్వాత ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చుని ఏ ముఖంతో అన్నం వడ్డించాలి? అవతలి సేనాపతి ఏం చేస్తాడో ఆయనకి తెలుసు. ఒక తండ్రి ఏం చేస్తాడో ఇరవై రెండేళ్లలో ఎవరూ ఆయన్ని అడగలేదు.

"అందరూ," అన్నారు. "అందరూ దిగండి. ఒక్కరు కూడా లోపల ఉండొ—"

పెద్దాయన మీట నొక్కేశాడు.

ఆ మాట ఎంతవరకు చేరిందో గదిలో ఇద్దరికీ తెలియదు. శత్రువుగారు రిసీవరు బల్ల మీద పక్కకి పడుకోబెట్టారు. పెద్దాయన మేజోళ్ల కాళ్లతోనే గదిలో అయిదారుసార్లు అటూ ఇటూ తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"ఏం చేశావో తెలుసా నువ్వు? రహస్యం బయటపెట్టావు. దానికి జైలు. పింఛను, ఇల్లు, అన్నీ పోతాయి. అమ్మాయి కూడా దక్కదు."

"తెలుసు."

"మరెందుకు?"

శత్రువుగారు ఏడో ఆట నివేదిక తీసుకుని, చివరి పేజీలో "నేను నిజంగా ఆడాను, నిజంగా ఓడాను" అన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు. కింద తన అసలు పేరు రాశారు. చాలా ఏళ్లుగా రాయని పేరు కావడంతో మధ్యలో ఒకచోట కలం ఆగింది. అంత ఒంటరితనం ఆయన ఎన్నడూ ఎరగరు. చేసిందేదో చేసేశారు, అది చేరకపోతే ఏమీ చెయ్యనట్టే. చేరిందో లేదో చెప్పేవాళ్లు లేరు. కిటికీ బయట ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు.

పెద్దాయన కాపలావాళ్లని పిలవడానికి గంట మీద చెయ్యి వేస్తుండగా తలుపు తెరుచుకుంది. తట్టకుండా ఆ తలుపు తెరిచినవాళ్లు ఇంతవరకు లేరు. రికార్డులమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పెద్దాయన వంక చూడలేదు.

"శత్రువుగారూ, నా బల్ల మీది ఫోనుకి వచ్చింది. ఈ లైను కలవడం లేదట. కెప్టెన్‌గారు, ఓడ నుంచి."

"పెట్టెయ్ ఆ ఫోను!" అని అరిచాడు పెద్దాయన.

ఆవిడ కదల్లేదు. ఆటలో ఎత్తు చదివి వినిపించే గొంతుతోనే, ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది.

"మీ అమ్మాయి అందరినీ మెట్ల దాకా తీసుకొచ్చేసిందట. ఎందుకు దిగాలో మీ నోటితో కారణం చెప్తే కెప్టెన్‌గారే అందర్నీ దింపేస్తారట. చెప్పకపోతే, తిరుగుబాటు చేయించిందని ఆ అమ్మాయికి ఇప్పుడే బేడీలు వెయ్యాలట. నేను ఫోను పెట్టెయ్యలేదండీ. ఆయన లైన్లోనే ఉన్నారు."